పసినోట తిట్టుమాట

ప్రశ్న: మూడేళ్ల బాబు, వాళ్ల నాన్న బండి నడుపుతూ తిట్టే తిట్టును చుట్టాల ముందు అంటున్నాడు. ఎలా మాన్పించాలి?

జవాబు: ఆ వయసు బిడ్డకు తిట్టు అర్థం తెలియదు, ఎవరో అడ్డం వచ్చినప్పుడు తండ్రి గొంతు పెరిగి, ముఖం ఎర్రబడి, ఆ మాట వెలువడడాన్ని గమనించి, కోపానికి అదే మాట అని సందర్భంతో సహా నేర్చుకుంటాడు. చూసి నేర్చుకునే ఈ తీరును మనస్తత్వశాస్త్రంలో పరిశీలనాభ్యసనం అంటారు. 1961లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా ప్రచురించిన ప్రయోగంలో, పెద్దలు బొమ్మను కొడుతూ అన్న మాటలను కూడా పిల్లలు అనుకరించారు. బిడ్డ అన్న తిట్టుకు నవ్వు దక్కినా దెబ్బ దక్కినా ఇంటిల్లిపాదీ తనవైపే చూస్తారు కనుక, అది మరింత పాతుకుంటుంది. ఇక శిక్షగా నోటికి కారం రాయడం పచ్చి క్రూరత్వం. ముఖకవళిక మార్చకుండా విని, "కోపమొచ్చిందా నాన్నా?" అని అడిగి, ఆ భావానికి వేరే మాట అందించాలి. తండ్రి నోరు జారితే, బిడ్డ వింటుండగానే "ఆ మాట తప్పు" అని ఒప్పుకోవాలి.