పేర్ల పట్టికకు ఎన్ని వాకిళ్ళు?

బిడ్డను మా పాఠశాలలో చేర్చ వచ్చిన తల్లిదండ్రులను మేము మొదట అడుగునవి మూడు: బిడ్డ పేరు, ఇంటిపేరు, మాతృభాష. ఆ మూడవ గడిలో ‘తెలుగు’ అని వ్రాయించుటపైననే మా వంటి అల్పసంఖ్యాక భాషా పాఠశాలల మనుగడ ఆధారపడి యున్నది. ఒకప్పుడు ఆ పట్టిక బీరువాలో నుండెడిది. తాళపుచెవి ప్రధానోపాధ్యాయుని జేబులో నుండెడిది. నేడు ఆ పేర్లు కంప్యూటరులోనికి చేరుచున్నవి. దానికి వాకిళ్ళెన్ని, వానిలో ఏవి తెరచి యుండవలెను, ఏవి మూసి యుండవలెను అను సంగతి తల్లిదండ్రులకును తెలిసియుండుట మేలని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము. మేము ఈ విద్యలో పండితులము కాము. మా కంప్యూటరు గదిని నడపుచు నేర్చుకొన్నంత మట్టుకు చెప్పుదుము.

డైరెక్టరీ యనగా నేమి?

ఒక సంస్థలోని మనుష్యుల పేర్లు, సంకేతపదములు, కంప్యూటర్లు, ప్రింటర్లు మొదలగు వానిని ఒక్కచోట నమోదు చేసి, అడిగిన యంత్రమునకు సమాధానము చెప్పునది డైరెక్టరీ సర్వరు. కోయంబత్తూరు మిల్లు కార్యాలయములలో గాని, మధురలోని కళాశాలలు, ఆసుపత్రులలో గాని పనిచేయు మన పిల్లలు ఏ బల్ల ముందు కూర్చున్నను ఒకే పేరుతో, ఒకే సంకేతపదముతో పని మొదలిడగలుగుట చాలచోట్ల దీని మూలముననే. ఇందులో వ్రాయుట తక్కువ, చదువుట ఎక్కువ. పేర్లు చెట్టుకొమ్మల వలె అమరియుండును: ముందు సంస్థ, దానిలో శాఖ, శాఖలో తరగతి, తరగతిలో విద్యార్థి.

1988లో అంతర్జాతీయ తంతి టెలిఫోను సంఘమువారు ఎక్స్.500 అను పేర ఇట్టి డైరెక్టరీకి ప్రమాణమును ఏర్పరచిరి. అది చిన్న కంప్యూటర్లు మోయలేనంత బరువైనది. కావున అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున దానికి తేలికయగు రూపమును కల్పించిరి. అదియే ఎల్.డి.ఎ.పి. దాని తొలి ప్రమాణపత్రము 1993లో వెలువడెను. మూడవ రూపము 1997లో వచ్చి, 2006లో సంస్కరింపబడినది. 2000లో మైక్రోసాఫ్టువారు విండోసుతో తెచ్చిన యాక్టివ్ డైరెక్టరీ గాని, ఉచితముగా లభించు ఓపెన్ ఎల్.డి.ఎ.పి., సాంబా గాని మాటలాడునది ఈ భాషనే.

పోర్టు యనగా నేమి?

మధురవారికి ఇది చెప్పుట సులభము. పదునారవ శతాబ్దిలో విశ్వనాథ నాయకుడు మధుర కోటకు 72 బురుజులు కట్టించి, ఒక్కొక్క బురుజు కావలిని ఒక్కొక్క పాళెగానికి అప్పగించెనని మన పెద్దలు చెప్పుదురు. కోట ఒక్కటియే, కావలి మాత్రము పలువురిది. పందొమ్మిదవ శతాబ్దిలో కలెక్టరు బ్లాక్‌బర్న్ కాలమున ఆ గోడలను పడగొట్టి కందకమును పూడ్చిరి. నేటి వెలి వీధులు ఆ కోట అంచునను ఏర్పడినవే.

కంప్యూటరును అట్టి కోటయే. దాని చిరునామా ఒక్కటియైనను, లోనికి పోవు వాకిళ్ళు వేలకు వేలు. వీనినే పోర్టు లందురు. ఈ సంఖ్య పదునారు బిట్లలో వ్రాయబడును గనుక 65,535 వరకు లెక్కింపవచ్చును. 1023 వరకు గల సంఖ్యలు పేరుపొందిన పనులకు కేటాయింపబడినవి. ఒక్కొక్క వాకిట మాటలాడవలసిన మర్యాద యొకటి కలదు. దానినే ప్రోటోకాలు అందురు. పంపిన సందేశము చేరినట్లు రసీదు తెచ్చుకొనునది టి.సి.పి. పద్ధతి, కార్డుముక్క వ్రాసి డబ్బాలో వేసినట్లు పంపి ఊరకుండునది యు.డి.పి. పద్ధతి.

ముఖ్యమైన వాకిళ్ళు

53: డి.ఎన్.ఎస్. ‘ఈ సంస్థ డైరెక్టరీ ఏ చిరునామాలో నున్నది?’ అని అడుగు వాకిలి. ఇచట దారి తెలియనిచో తక్కిన వాకిళ్ళు తెరచియున్నను ప్రయోజనము లేదు.

389: ఎల్.డి.ఎ.పి. స్వయముగా కూర్చుండు వాకిలి. పేరు వెదకుట, చేర్చుట, మార్చుట, తొలగించుట అన్నియు ఇచటనే. ఇచట మాటలు సాధారణముగా బట్టబయలుగా సాగును.

636: అదే ఎల్.డి.ఎ.పి., కాని మొదటి మాట నుండియు టి.ఎల్.ఎస్. అను రహస్యలిపిలో సాగును. 389లోనే మాట మొదలిడి, స్టార్ట్ టి.ఎల్.ఎస్. అను ఆజ్ఞతో నడుమనుండి రహస్యలిపికి మారు పద్ధతియు కలదు.

3268, 3269: యాక్టివ్ డైరెక్టరీలో పలుశాఖల పట్టికలను ఒక్కచోట వెదకు వాకిళ్ళు. మొదటిది బహిరంగము, రెండవది రహస్యము.

88: కెర్బెరాస్. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో పుట్టినది. వచ్చినవాడు నిజముగా వాడేనా యని పరీక్షించి, కొంతకాలము చెల్లు అనుమతి చీటిని ఇచ్చును. సంకేతపదము తీగపై ప్రయాణము చేయనక్కరలేదు.

464: సంకేతపదమును మార్చుకొను వాకిలి.

123: ఎన్.టి.పి. గడియారములను సరిదిద్దునది.

135: విండోసులో ‘ఫలానా పని ఏ వాకిట జరుగుచున్నది?’ అని చెప్పు ద్వారపాలకుడు. ఇతడు అడిగినవారిని 49152 మొదలు 65535 వరకు గల వాకిళ్ళలో ఒకదానికి పంపును.

445: ఎస్.ఎం.బి. దస్త్రములను, సంస్థ విధించిన నియమములను పంచి యిచ్చు వాకిలి.

గడియారము నేర్పిన పాఠము

వీనిలో 123ను మేము మొదట చిన్నచూపు చూచితిమి. గత వేసవి సెలవుల పిదప బడి తెరచిన నాడు కంప్యూటరు గదిలో కొన్ని యంత్రములు పిల్లలను లోనికి రానీయలేదు. పేరు సరియే, సంకేతపదము సరియే. పిల్లలు సెలవులలో మరచిరని ఉపాధ్యాయులు కోపించిరి. ఒక చిన్నది కంటనీరు పెట్టుకొన్నది. మధ్యాహ్నమునకు గాని అసలు సంగతి తెలియలేదు. ఆ యంత్రముల గడియారములు తప్పిపోయినవి. అంతకుముందు గోడను బిగించునప్పుడు 123 అనవసరమని మూసినది మేమే. కెర్బెరాసు చీటికి కాలమే ప్రాణము. సామాన్యముగా అయిదు నిమిషములకు మించిన తేడా ఉన్నచో దానిని అంగీకరింపదు. మేము ఆ వాకిలి తెరచి, గడియారములు సరిపడిన పిదప, ఆ బాలికను పిలిచి తప్పు మాదే యని చెప్పితిమి. అక్కరలేని వాకిలి తెరచుట ఎంత తప్పో, కావలసిన దానిని తెలియక మూయుటయు అంత తప్పే.

ఏ వాకిలి ఎవరికి?

ఈ వాకిళ్ళన్నియు ఇంటిలోనివారికే గాని వీథిలోనివారికి కావు. బడి గోడ లోపలి కంప్యూటర్లు వీనిని చేరవలెను; ఇంటర్నెట్టులోని పరులు చేరరాదు. 389 వాకిట సాదా పద్ధతిలో సంకేతపదము చెప్పినచో, అదే తీగను వినుచున్నవాడు దానిని ఉన్నదున్నట్లు చదువగలడు. వీథి అరుగుపై నిలిచి ఇనుపపెట్టె తాళపుచెవి ఎచ్చటనున్నదో బిగ్గరగా చెప్పుట వంటిదే ఇది. కావున సంకేతపదము చెప్పునది 636లో గాని, స్టార్ట్ టి.ఎల్.ఎస్. పిదప గాని కావలెను.

445ను వీథికి తెరచినవారి కష్టమును 2017 మే 12న లోకమంతయు చూచినది. వన్నాక్రై అను దుష్టప్రోగ్రాము ఆ వాకిలిగుండ చొరబడి సుమారు 150 దేశములలో దస్త్రములకు తాళము వేసి సొమ్మడిగెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లును దాని వాత బడినట్లు ఆనాటి పత్రికలు వ్రాసినవి. ఆ లోపమునకు మందు రెండు నెలల ముందే, మార్చిలో, వెలువడియే యున్నది, వేసికొననివారే నష్టపడిరి. 389 యు.డి.పి. వాకిలిని బయటికి విడిచిన సర్వర్లను పరులపై వెల్లువగా సందేశములు కురిపించుటకు వాడుకొనుటయు 2016లో బయటపడినది. అనగా, మన వాకిలి తెరచియున్నచో నష్టము మనకే కాదు, పొరుగువానికిని.

తెలుగు పేరునకు చోటు

ఇంత కావలి దేనికొరకు? లోపలి పేరు కొరకే గదా! ఎల్.డి.ఎ.పి. మూడవ రూపమునందు అక్షరములు యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో నుండును. కావున తెలుగు లిపి అందులో చక్కగా ఇముడును. ఒకే పేరునకు భాషాగుర్తు తగిలించి తెలుగులో ఒకటి, తమిళములో ఒకటి, ఆంగ్లములో ఒకటి ఉంచుటకును నియమము కలదు. మనిషికి ఇష్టమైన భాష ఏదో తెలుపు గడియు 2000లో ప్రకటించిన మూసలో నున్నది.

ఇంకొక విశేషము. ఆ ప్రమాణము ప్రకారము మనిషిని నమోదు చేయునప్పుడు పూర్తిపేరు, ఇంటిపేరు అను రెండు గడులు ఖాళీగా విడువరాదు. తమిళదేశపు వాడుకను బట్టి మనము తండ్రి పేరులోని మొదటి యక్షరముతో సరిపెట్టుకొనుచున్నాము. పెండ్లి సంబంధములు చూచునప్పుడే ఇంటిపేరు జ్ఞప్తికి వచ్చును. యంత్రము అడుగుచున్నది గనుక గుమాస్తా ఆ గడిలో ఒంటియక్షరమును పడవేయుచున్నాడు. తరతరముల క్రిందట ఈ నేలకు వచ్చిన మన కుటుంబముల గుర్తు ఆ గడిలో నిలువదగినది.

కావున తల్లిదండ్రులకు మా మనవి: ప్రవేశపత్రములో బిడ్డ పేరును, ఇంటిపేరును తెలుగులో స్పష్టముగా వ్రాసి యిండు. మీ పిల్లలు ఏ బడిలో, ఏ కళాశాలలో చదివినను అచటివారిని మూడు ప్రశ్నలడుగుడు: పేర్ల పట్టిక బయటివారికి అందునా? సంకేతపదము రహస్యలిపిలో పోవునా? కొత్త మరమ్మతులు ఎప్పటికప్పుడు వేయుచున్నారా? మమ్మును అడిగినను సంతోషముతో చూపుదుము. బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నున్నదని ఒకనాడు మీ తండ్రులు మమ్ము అడుగలేదా? ఇదియు అట్టి ప్రశ్నయే.