యెరికోనుండి యెరూషలేమునకు ఒక దినపు నడక

పాఠ్యభాగము: మార్కు 10:46–52

గలిలయ ప్రజలు పస్కాపండుగకు యెరూషలేమునకు కాలినడకను వెళ్లుచుండిరి. అనేకులు సమరయ త్రోవ విడిచి, యొర్దాను లోయ వెంబడి దిగివచ్చి, యెరికోలో బసచేసి, మరునాడు కొండ యెక్కుచుండిరి. ఈ నెల ఆ చివరి దినపు నడకను మాత్రమే ధ్యానింతము.

యెరికో సముద్రమట్టమునకు సుమారు 250 మీటర్లు దిగువను, యెరూషలేము సుమారు 750 మీటర్లు ఎగువను ఉన్నవి. నడుమ దూరము ఇంచుమించు 25 కిలోమీటర్లే గాని, వెయ్యి మీటర్ల ఎక్కుడు! యెరికోలో ఊట కలదు. ఎలీషా బాగుచేసినది అదేయని నేటికిని చూపుదురు (2 రాజులు 2:19–22). ఊరు దాటినంతనే అరణ్యము. వాదీ కెల్త్ అను లోతైన లోయ ప్రక్కగా త్రోవ సాగును. నీరు లోయ అడుగున, నడచువారు పైన ఎండలో. యెహోషువ 15:7లోని అదుమ్మీము ఎక్కుచోటు ఈ త్రోవలోనిదే. మంచి సమరయుని ఉపమానములో దొంగలు పొంచియున్నదియు ఇచ్చటనే. కాబట్టి పెందలకడ బయలుదేరి, గుంపుగా, ఎక్కడను ఆగక నడచుట వివేకము. నేడు యాత్రికులు బస్సులో గంటలోపే ఎక్కుదురు. పాపము, ఈ త్రోవ ఎంత పొడవో వారికి తెలియదు.

ఇది ఎరిగినచో బర్తిమయిని గద్దించినవారి మనస్సు మనకు బోధపడును. వారు దుర్మార్గులు కారు. ఎండ ముదురకముందే కొండ యెక్కవలెనను తొందరలోనున్న భక్తులు. మన పల్లెలలోను మహాసభలకు ట్రాక్టరు కట్టిన దినమున, చూపు తగ్గిన ముసలమ్మ అరుగుమీదనుండి “నేనును వస్తాను నాయనా” అని పిలువగా, “వచ్చే యేడు చూద్దాములే అవ్వా” అని చెప్పి సాగిపోవువారు లేరా? పండుగకు పోవు తొందరయే కొన్నిసార్లు చెవులు మూయును.

ప్రభువు నిలిచెను. ఆయన అందరికి ముందుగా నడచుచుండెనని మార్కు 10:32లో చదువుదుము. ముందు నడచువాడు నిలిచినప్పుడు వెనుకనున్న జనమంతయు నిలువవలసినదే గదా. అంతేకాదు, గ్రుడ్డివానిని పిలుచు పని ఆ జనమునకే అప్పగించెను. ఊరకుండుమన్న గుంపులోనుండియే ధైర్యము చెప్పు మాట వచ్చెను.

చూపు వచ్చినవానిని ప్రభువు వెళ్లుమనెను. అయినను బర్తిమయి ఇంటి దారి పట్టలేదు. ఆయన వెంట ఆ త్రోవనే పోయెను. కూర్చుండుటకు అలవాటుపడిన కాళ్లు అవి. వాటికి దొరికిన మొదటి నడక ఈ కొండ ఎక్కుడు! త్రోవప్రక్కవాడు త్రోవలోనివాడాయెను.

ఒక సంగతి గమనింతము. యెరికో వెచ్చని చోటు, యెరూషలేము కొండమీదిది. ఆ పస్కా దినములలోనే రాత్రివేళ బంట్రౌతులు చలిమంట వేసికొనిరి (యోహాను 18:18). బీదవానికి పైవస్త్రమే రాత్రి కప్పుకొను దుప్పటి (నిర్గమ. 22:26–27). బర్తిమయి ప్రభువునొద్దకు వచ్చునప్పుడు దానిని పారవేసెను. అది లేకయే కొండ యెక్కియుండినచో, ఆ రాత్రి చలిలో అతనిని గద్దించినవారిలో ఎవరో ఒకరు తమ దుప్పటి అంచు అతనివైపు జరుపవలసినదే.