వారానికి అరగంట చాలు: ఇంట్లోనే రాళ్లకు మెరుగు

ఉద్యోగం చేసేవాళ్లకు ఒక అభిరుచి పెట్టుకుందామంటే మొదట అడ్డొచ్చేది సమయమే. సంగీతానికి రోజూ సాధన కావాలి. కుండీల్లో మొక్కలు పెంచుదామంటే నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి వాడిపోతాయి. గులకరాళ్లను ఇంట్లోనే నున్నగా చేసి మెరుగుపెట్టే పని అలాంటిది కాదు. టంబ్లర్ అనే చిన్న యంత్రం రాత్రింబవళ్లు దానంతటదే తిరుగుతుంది. మీరు కూర్చోవలసింది వారానికి ఒక్క అరగంట. షిఫ్టుల్లో పనిచేసే నర్సుకైనా, నెలాఖరు లెక్కలతో సతమతమయ్యే బ్యాంకు ఉద్యోగికైనా ఇది కుదురుతుంది.

ఒక్క నియమం మాత్రం ఉంది. యంత్రం చేసే పనిని తొందరపెట్టకూడదు, మన చేతి పనిని కుదించకూడదు. రాళ్లు ఏరడం, కడగడం, పరీక్షించడం మన వంతు. ఈ మూడూ సరిగ్గా చేస్తే మెరుపు దానంతటదే వస్తుంది.

యంత్రం ఎంచుకునే ముందు

టంబ్లర్ అంటే రెండు రోలర్ల మీద అడ్డంగా పడుకుని తిరిగే డ్రమ్ము. అందులో రాళ్లు, నీళ్లు, గ్రిట్ అనే రాపిడి పొడి వేస్తారు. డ్రమ్ము తిరుగుతుంటే రాళ్లు పైకి లేచి ఒకదాని మీద ఒకటి జారతాయి. ఆ జారుడులో పొడి వాటి గరుకు అంచులను అరగదీస్తుంది.

కొత్తవారికి మూడు పౌండ్ల డ్రమ్ము, అంటే దాదాపు 1.4 కిలోలు పట్టేది సరిపోతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము కంటే రబ్బరు డ్రమ్ము చప్పుడు తక్కువ చేస్తుంది. అపార్ట్‌మెంటులో ఉండేవారు ఈ ఒక్క విషయంలో రాజీ పడవద్దు. కరెంటు ఖర్చు భయపడేంత కాదు. 40 వాట్ల మోటారు రోజంతా తిరిగితే దాదాపు ఒక యూనిట్ అవుతుంది.

అమెరికాలో ఉన్న బంధువులతో తెప్పించుకునేవారు మోటారు మీద రాసినది ముందే చూడాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది కానీ హెర్ట్జ్‌ను మార్చదు. అందువల్ల చాలా మోటార్లు నెమ్మదిగా తిరుగుతాయి, ఎక్కువ వేడెక్కుతాయి. 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కు తయారైన యంత్రమే తీసుకోవడం మేలు.

ఏ రాళ్లు పనికొస్తాయి

జర్మన్ ఖనిజశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో రాళ్ల గట్టిదనానికి ఒకటి నుంచి పది దాకా ఒక కొలమానం ఇచ్చాడు. అందులో పలుగురాయి, అంటే క్వార్ట్జ్, ఏడు. అగేట్, జాస్పర్ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. టంబ్లర్‌కు ఇవే సరైన రాళ్లు. పాలరాయి, కడప బండ, తాండూరు బండ సున్నపు జాతివి, గట్టిదనం మూడు దగ్గరే ఉంటుంది. వీటిని పలుగురాళ్లతో కలిపి వేస్తే త్వరగా అరిగి బురదవుతాయి. ఒక డ్రమ్ములో ఒకే గట్టిదనం గల రాళ్లే ఉండాలి.

గుర్తుపట్టడానికి ఇంట్లో చేయగల పరీక్షలు రెండున్నాయి. రాతి మొనతో పాత గాజు సీసా మీద గీయండి. గాజు మీద గీత పడితే రాయి గట్టిదే. మేకుతో రాయిని కొంచెం గీకి, రాలిన పొడి మీద నిమ్మరసం వేయండి. బుడగలు వస్తే అది సున్నపు జాతి రాయి, పక్కన పెట్టేయండి. ఆ తర్వాత ప్రతి రాయినీ తడిపి వెలుతురులో తిప్పి చూడండి. వెంట్రుకంత పగులున్నా ఏరివేయాలి. పగుళ్లలో ఇరుక్కున్న ముతక పొడి ఆఖరి వారంలో బయటపడి, నున్నబడిన మిగతా రాళ్లన్నిటి మీదా గీతలు పెడుతుంది.

రాళ్ల కోసం దూరం వెళ్లనక్కరలేదు. ఇల్లు కడుతున్న చోట నది ఇసుకను జల్లెడ పట్టాక పక్కన పోసే గులకల కుప్పలో వెతకండి. కృష్ణ, గోదావరి రెండూ పడమటి కనుమల్లో పుట్టి దక్కన్ లావా పొరల మీదుగా వస్తాయి. ఆ లావా చల్లబడినప్పుడు మిగిలిన బొరియల్లోనే అగేట్లు ఏర్పడ్డాయి. కాబట్టి మేస్త్రీని అడిగి ఒక బకెట్ గులకలు తెచ్చుకుంటే, వాటిలో పలుగురాళ్లతో పాటు చారల అగేట్ కూడా కనిపించవచ్చు.

ఎక్కడపడితే అక్కడ ఏరకూడదు. అభయారణ్యాలు, జాతీయ పార్కులు, పురావస్తు స్థలాల్లో రాయి ముట్టుకోవద్దు. అగేట్, జాస్పర్ 2015లో చిన్న ఖనిజాల జాబితాలో చేరాయి. వ్యాపారానికి తవ్వాలంటే రాష్ట్ర గనుల శాఖ అనుమతి ఉండాలి. అమెరికాలో కూడా జాతీయ పార్కుల్లో ఏరడం నిషేధం. ఫెడరల్ ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ భూముల్లో మాత్రం చాలాచోట్ల సొంతానికి కొద్దిగా తీసుకోవచ్చు.

నాలుగు వారాలు, నాలుగు పొడులు

డ్రమ్ములో మూడింట రెండు వంతుల నుంచి ముప్పావు దాకా రాళ్లు నింపాలి. తక్కువైతే రాళ్లు ఎగిరిపడి పెచ్చులూడతాయి. ఎక్కువైతే కదలవు. బఠాణీ గింజంతవి, బొటనవేలి గోరంతవి, కొన్ని అంతకంటే పెద్దవి కలిపితే రాపిడి బాగా జరుగుతుంది. నీళ్లు పై వరుస రాళ్లకు కాస్త కిందే ఉండాలి. మూడు పౌండ్ల డ్రమ్ముకు దశకు సుమారు నాలుగు టేబుల్ స్పూన్ల పొడి పడుతుంది.

మొదటి మూడు దశల్లో వాడేది సిలికాన్ కార్బైడ్. కార్బొరండం సానరాయిలో ఉండేదీ ఇదే. దీని గట్టిదనం తొమ్మిది పైన ఉంటుంది కాబట్టి పలుగురాయిని కూడా కోస్తుంది. పొడి మీద ఉన్న అంకె పెరిగేకొద్దీ పొడి సన్నబడుతుంది.

మొదటి వారం 60/90 ముతక పొడి. రాతికి ఆకారం వచ్చేది ఇక్కడే. వారం గడిచాక గుంటలు, మొనలు ఇంకా కనిపిస్తే కొత్త పొడి వేసి మరో వారం తిప్పండి. తర్వాతి పొడులు గుంటలు పోగొట్టలేవు. చాలామంది నిరాశపడేది ఈ దశను మధ్యలో వదిలేసినందుకే.

రెండో వారం 120/220 పొడి, మూడో వారం 500 పొడి. మూడో వారం చివర రాయి ఆరాక పట్టుబట్టలాంటి మెత్తని నిగారింపు కనిపించాలి. నాలుగో వారం అల్యూమినియం ఆక్సైడ్ పాలిష్ పొడి. ఈసారి రాళ్లకు దెబ్బలు తగలకుండా మధ్యలో సిరామిక్ గుళికలు వేయాలి. అరిగిపోయి తగ్గిన పరిమాణం కూడా వాటితో నిండుతుంది. ఆఖరున మామూలు సబ్బు తురుము, నీళ్లు వేసి కొన్ని గంటలు తిప్పితే అంటుకున్న పొడి వదిలిపోతుంది.

పూర్తయిందో లేదో తేల్చడానికి ఒక రాయిని సగం తడపండి. పొడిగా ఉన్న సగం కూడా తడి సగంలాగే మెరిస్తే పని అయినట్టే.

ఆదివారం అరగంట

దశ మారినప్పుడల్లా రాళ్లను, డ్రమ్మును, మూతను, గాడులను పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. ముతక పొడి ఒక్క రేణువు మిగిలినా సన్న పొడి వారం వృథా అవుతుంది. పాలిష్ దశకు వీలైతే వేరే డ్రమ్ము, వేరే జల్లెడ ఉంచుకోండి.

బురద నీటిని సింకులో పోయవద్దు. పైపుల్లో అడుగున చేరి సిమెంటులా గట్టిపడుతుంది. బకెట్‌లో ఒక రోజు ఉంచితే బురద కిందికి దిగుతుంది. పైనీళ్లను మట్టిలో పోసి, తడి బురదను కవర్లో కట్టి చెత్తలో వేయండి. ఒలికినది ఆరకముందే తడిగుడ్డతో తుడవండి. ఇది పరిశుభ్రత కోసం మాత్రమే చెబుతున్న మాట కాదు. గుజరాత్‌లోని ఖంభాత్‌లో అగేట్ సానపట్టే కార్మికులు ఆ రాతి ధూళి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు బారిన పడ్డారు. టంబ్లర్‌లో అంతా నీళ్లలో, మూత కింద జరుగుతుంది కాబట్టి ధూళి లేవదు. కానీ రాళ్లను ఎప్పుడూ పొడిగా గ్రైండర్‌తో కోయవద్దు. సుత్తితో పగలగొడితే కళ్లద్దాలు తప్పనిసరి.

కొన్ని రాళ్ల వల్ల డ్రమ్ములో గ్యాసు పుట్టి మూత ఉబ్బుతుంది. మొదలుపెట్టిన మర్నాడు ఒకసారి మూత నెమ్మదిగా తీసి పెట్టండి. యంత్రాన్ని గాలి ఆడే చోట రబ్బరు మ్యాట్ మీద ఉంచండి, గుడ్డ కప్పవద్దు. ఊరెళ్లాల్సి వస్తే ఆపి, కడిగి వెళ్లండి. బురదలో వదిలేసిన రాళ్లు గడ్డకట్టుకుపోతాయి.

అమ్మాలనిపిస్తే

నాలుగు బ్యాచులు బాగా వచ్చాక అమ్మితే ఎలా ఉంటుందన్న ఆలోచన సహజం. ముందు మీ ఉద్యోగ నిబంధనలు చదవండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 నాటి ప్రవర్తనా నియమాల్లోని 15వ నియమం ప్రైవేటు వ్యాపారాన్ని ముందస్తు అనుమతి లేకుండా చేయనివ్వదు. ప్రైవేటు సంస్థల్లోనూ నియామక పత్రంలో ఇలాంటి షరతు ఉండవచ్చు. అమెరికాలో హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి స్పాన్సర్ చేసిన సంస్థలో ఆ ఉద్యోగానికే అనుమతి ఉంటుంది. అమ్మే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగాలి. పైగా నెల రోజులకు ఒక డ్రమ్ము రాళ్లు వచ్చే పనిలో రాబడి లెక్క కుదరదు. పిల్లలకు, స్నేహితులకు, రిటైరవుతున్న సహోద్యోగికి ఇవ్వడానికి మాత్రం ఇంతకంటే మంచి కానుక దొరకదు.

కాబట్టి యంత్రానికి ఆర్డర్ పెట్టకముందే, వచ్చే ఆదివారం ఒక బకెట్ గులకలు తెచ్చుకుని కడగండి. గాజు సీసా పరీక్ష, నిమ్మరసం పరీక్ష చేసి కిలోన్నర మంచి రాళ్లు వేరు చేయండి. ఆ పని మీకు విసుగు పుట్టించకపోతే టంబ్లర్ కొనండి. విసుగు పుడితే కొనవద్దు.