పొగమంచులో బందరు రేవు – ఒక ఛాయాగ్రహణ పాఠం

ఛాయాచిత్రమనగానే మనకు పెళ్ళిపందిరి, కళాశాల వార్షికోత్సవం, గోడకు తగిలించిన తాతగారి పటం గుర్తుకు వస్తాయి. కాని ఒక ఊరి చరిత్రను చదవడానికి కూడ అది చక్కని సాధనం. ఈ విద్యను అభ్యసించదలచిన మన విద్యార్థులకు దూరప్రయాణం అక్కరలేదు. గుడివాడ నుండి రైలులో సుమారు 37 కిలోమీటర్లు పోతే మచిలీపట్నం. ఊరు దాటి సముద్రం వైపు నడిస్తే పాత బందరుకోట. పుష్యమాసపు వేకువలో అక్కడి పర్రభూమిని పొగమంచు కమ్ముకొన్నప్పుడు చూడవలసినది ఎంతో ఉన్నది.

‘బందరు’ అంటే పారసీకంలో రేవు అని ఉర్దూ చదివే విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. కుతుబ్‌షాహీల కాలంలో ఇది గోలకొండ రాజ్యానికి ప్రధానమైన రేవు. ఇక్కడి కలంకారీ వస్త్రాలు పారసీక దేశానికి ఎగుమతి అయ్యేవి. హజ్ యాత్రికులు ఇక్కడనే ఓడ ఎక్కి ఎర్రసముద్రపు రేవులకు సాగిపోయేవారు. 17వ శతాబ్దపు ఆరంభంలో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు, 1669లో ఫ్రెంచివారు ఇక్కడ వర్తకానికి దిగారు. కోట చుట్టూ ఉన్న బురదయే పెట్టని గోడ అని నమ్మిన ఫ్రెంచివారిపై 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు దాడి చేసినప్పుడు, అతని సేనలో ఒక దళం ఆ బురదలోనే దిగి నడిచింది.

ఇంతటి రేవుకు ఓడలు ఆనుకొని నిలిచిన గట్టు ఏదీ అని వెదకేవారికి నిరాశ తప్పదు. కృష్ణానది తెచ్చిన ఒండ్రుమట్టి వల్ల ఇక్కడి సముద్రం లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరు వేసుకొనేవి. సరుకును చిన్న పడవలు పోటు సమయం చూచుకొని ఏటి మార్గాన చేరవేసేవి. కనుక కోటలోని ఇటుక గోడలే కాదు, ఈ ఏరు, ఈ బురద, ఈ పర్ర కూడ పాత రేవులో భాగాలే. ఈ సంగతి తెలిసిన తరువాతనే కెమెరా చేతపట్టాలి.

మొట్టమొదట నేను తీసిన చిత్రాలన్నీ బూడిదరంగుగా వచ్చాయి. కారణం తరువాత బోధపడింది. కెమెరాలోని వెలుతురు మీటరు తన ఎదుట ఉన్న దానిని నడిమి బూడిదరంగుగా భావించి లెక్క కడుతుంది. తెల్లని మంచును చూచి, వెలుతురు ఎక్కువైనదనుకొని తగ్గిస్తుంది. కనుక మీటరు చెప్పిన దానికంటె ఒక మెట్టు వెలుతురు ఎక్కువ ఇవ్వాలి. సెల్‌ఫోనుతో తీసేవారు కూడ తెరమీద వెలుతురును కొంచెం పెంచుకోవాలి.

రెండవది దూరం. మంచులోని నీటిబిందువులు వెలుతురును చెదరగొడతాయి. దూరపు వస్తువులు ఆ తెలుపులో కలిసిపోతాయి. దగ్గరగా ఒక నల్లని ఇటుక గోడనో, ఒరిగిన పడవనో నిలిపి, వెనుక మడచెట్లను, ఆ వెనుక ఏటిని అమర్చుకొంటే చిత్రానికి లోతు వస్తుంది. దగ్గరి వస్తువు లేకుంటే మిగిలేది తెల్లకాగితమే.

మూడవది జాగ్రత్త. అద్దంపై తేమ చేరుతుంటుంది. మెత్తని గుడ్డ దగ్గర ఉండాలి. ముక్కాలిపీట బురదలో దిగకుండ కాళ్ళక్రింద చెక్కముక్కలు వేయాలి. పోటుపాటులు తెలిసిన పల్లెకారులను అడగకుండ ఏటిలో అడుగుపెట్టరాదు.

ఇక అసలు సంగతి. పొగమంచు అందాన్ని ఇస్తుంది. దానితోపాటు నిజాన్ని కొంత కప్పివేస్తుంది కూడ. కూలిన గోడ, మొలిచిన ముళ్ళకంప, పారవేసిన చెత్త అందులో కనబడవు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో ఈ ప్రాంతాన సుమారు 30,000 మంది మరణించారు. 1977 నవంబరు 19న దివిసీమకు అటువంటి విపత్తే సంభవించింది. అటువంటి నేలను కేవలం కలలోకమువలె చూపితే అది సగం నిజమే అవుతుంది.

అందుచేత వేకువను తీసిన చిత్రంతో తృప్తిపడి వెనుదిరగవద్దు. మంచు విడిన తరువాత, పది గంటల వేళ, అదే చోట నిలిచి అదే దృశ్యాన్ని మరల తీయండి. గోడప్రక్కన ఒక గొడుగునో, కొలబద్దనో ఉంచితే దాని ఎత్తు తెలుస్తుంది. రెండు చిత్రాలకూ తేదీ, వేళ, నిలిచిన చోటు, చూచిన దిక్కు వ్రాసి జతగా భద్రపరచండి. మరుసటి సంవత్సరం మీ తరువాతి తరగతివారు అక్కడనే నిలిచి తీయాలి.

2023లో మంగినపూడి సమీపంలో కొత్త ఓడరేవు పనులు ప్రారంభమైనాయి. రేవు రావడం మన జిల్లాకు సంతోషకరమే. కాని దానితో ఈ తీరపు రూపురేఖలు మారక తప్పదు. పాత రేవు ఎట్లుండెనో రేపటివారు అడిగినప్పుడు చూపడానికి మన కళాశాల గ్రంథాలయంలో ఒక చిత్రసంపుటి ఉండాలి. కళాశాల కమిటీవారు ఒక బీరువా అర కేటాయిస్తే చాలు. దానిని నింపే బాధ్యత విద్యార్థులది, వారికి తోడు వచ్చే బాధ్యత నాది.