తాకకుండా వోల్టేజిని కొలిచే మీటరు

ఆసుపత్రిలో ఎక్స్-రే తీయడం మీరు చూసే ఉంటారు. ఆ కిరణాలను పుట్టించే గొట్టానికి సుమారు 40 నుంచి 150 కిలోవోల్టుల దాకా వోల్టేజి ఇస్తారు. ఇది తగ్గితే కిరణాలకు చొచ్చుకుపోయే శక్తి చాలదు. చాలా భాగం రోగి శరీరంలోనే ఆగిపోతుంది. మరీ పెరిగితే చిత్రంలో ఎముకకూ కండకూ తేడా తగ్గిపోతుంది. కాబట్టి యంత్రం 80 అని చూపితే, నిజంగా 80 కిలోవోల్టులే ఉన్నాయా అని సరిచూడాలి.

ఇంత వోల్టేజికి మామూలు వోల్టుమీటరు తగిలిస్తే ప్రాణాపాయం! అందుకే పరీక్షా మీటరు తీగల జోలికి పోదు, కిరణాలనే పరీక్షిస్తుంది. అందులో కిరణాలను పసిగట్టే శోధకాలు రెండుంటాయి. ఒకదాని మీద పలుచని రాగి రేకు, రెండవదాని మీద మందమైన రాగి రేకు ఉంటాయి. వోల్టేజి పెరిగేకొద్దీ మందమైన రేకును దాటివచ్చే కిరణాల పాలు పెరుగుతుంది. రెండు శోధకాల కొలతల నిష్పత్తిని బట్టి వోల్టేజి తెలుస్తుంది. ఏ నిష్పత్తికి ఎన్ని కిలోవోల్టులో, తెలిసిన వోల్టేజీలతో పోల్చి ముందే నిర్ణయిస్తారు.

మీటరును రెట్టింపు దూరంలో పెడితే? రెండు కొలతలూ నాలుగో వంతుకు తగ్గుతాయి. నిష్పత్తి మాత్రం మారదు. కాని కిరణాల దారిలో అదనంగా అల్యూమినియం రేకు ఉంటే, బలహీనమైన కిరణాలు ముందే ఆగిపోయి నిష్పత్తి మారుతుంది. అప్పుడు మీటరు ఎక్కువ చూపుతుందా, తక్కువా? ఆలోచించి చెప్పండి.