పాత డెస్క్‌టాప్‌కి వైఫై: ల్యాప్‌టాప్ కొనే ముందు ఒక్కసారి చూడండి



కంప్యూటర్ ప్రాజెక్టు ఇచ్చిన ప్రతిసారీ మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, ఇప్పుడు ల్యాప్‌టాప్ కొనాలా?" ఇంట్లో కంప్యూటర్ లేదా అని అడిగితే, ఉందంటారు. హాల్లో ఓ మూల, పైన గుడ్డ కప్పి! నెట్ రాదని పక్కన పెట్టేశారట. ఈలోగా పిల్లలు నాలుగు పేజీల రిపోర్టును ఫోన్‌లో బొటనవేళ్లతో టైప్ చేస్తున్నారు. అలా చేస్తే కీబోర్డ్ మీద చెయ్యి తిరగదు. ఫీజుల నెలలో మరో పెద్ద ఖర్చు పెట్టుకునే ముందు ఆ గుడ్డ తీసి చూడండి.

పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి నెట్ కేబుల్ పెట్టే సాకెట్ ఉంటుంది, వైఫై సిగ్నల్ అందుకునే భాగం ఉండదు. అంతేగాని కంప్యూటర్ పాడైనట్టు కాదు. రౌటర్ అదే గదిలో ఉంటే ఒక కేబుల్ కలిపితే చాలు, అన్నిటికన్నా నిలకడగా పనిచేసేది అదే.

రౌటర్ దూరంగా ఉంటే, కొనే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని డేటా కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ వైఫైలో ఉంటే చాలా ఫోన్లు ఆ వైఫైనే కంప్యూటర్‌కి అందిస్తాయి. లేకపోతే మీ మొబైల్ డేటా ఖర్చవుతుంది, చూసుకోండి. ఇప్పుడు పిల్లల పాఠం వీడియో ఒకటి పెట్టండి. సాఫీగా నడిస్తే మీకు కావలసింది వైఫై ఒక్కటే. నెట్ వస్తున్నా కంప్యూటరే నత్తనడక నడిస్తే, ఎంత మంచి అడాప్టర్ కొన్నా లాభం లేదు.

పరీక్ష నెగ్గితే యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనండి. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది, మామూలువి వెయ్యి రూపాయల లోపే దొరుకుతాయి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటి దూరం వెళ్తుంది, కానీ అపార్ట్‌మెంట్లలో అందరి రౌటర్లూ అక్కడే గుమిగూడతాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడలు అడ్డొస్తే నీరసిస్తుంది. రెండూ ఉన్న డ్యూయల్ బ్యాండ్ తీసుకోవడం మేలు. డబ్బాపై రాసిన పెద్ద పెద్ద వేగాలు చూసి ఎక్కువ పెట్టకండి. కంప్యూటర్‌లో ఉన్నది యూఎస్‌బీ 2.0 పోర్టయితే దాని గరిష్ఠ పరిమితే సెకనుకు 480 మెగాబిట్లు.

అసలు చిక్కు డ్రైవర్ దగ్గర వస్తుంది. డ్రైవర్ లేనిదే వైఫై రాదు, నెట్ లేనిదే డ్రైవర్ దిగదు. డబ్బాలో సీడీ ఇచ్చినా, మన కంప్యూటర్‌లో సీడీ డ్రైవ్ పనిచేయాలిగా! ఇందాకటి టెథరింగ్ మళ్లీ ఇక్కడ పనికొస్తుంది. దానితో అడాప్టర్ కంపెనీ సైట్ నుంచే డ్రైవర్ దింపుకోండి. అడాప్టర్‌ని వెనక పోర్టులో పెడితే ఇనుప క్యాబినెట్ సిగ్నల్‌కి అడ్డవుతుంది. చిన్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దాన్ని టేబుల్ మీదకు తెచ్చుకోండి.

ఒక్క జాగ్రత్త. విండోస్ 7కి 2020 జనవరిలో, విండోస్ 10కి 2025 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. అలాంటి కంప్యూటర్‌ని ప్రాజెక్టులకు, టైపింగ్‌కు ఉంచండి, బ్యాంకు పనులకు వద్దు.

మీ కంప్యూటర్‌లో ఏ విండోస్ ఉందో, రౌటర్ ఏ గదిలో ఉందో పిల్లల డైరీలో రాసి పంపితే, ఏ రకం అడాప్టర్ సరిపోతుందో అందులోనే రాసి పంపుతాను.