గడ్డం నురుగు – మన బోరింగు నీళ్లు

ఈ పాఠం పేరు చూసి నవ్వకండి. ఆడపిల్లకి గడ్డం సంగతి ఎందుకే అని మా గదిలోనే అడిగారు. ఎందుకో చెబుతాను.

ఆగస్టులో తల్లిదండ్రుల మీటింగుకి మా అయ్య బుట్టాయిగూడెం అవతల కొండమీద నుంచి ముందురోజే బయల్దేరి వొచ్చాడు. పొద్దున్నే బోరింగు దగ్గర ఒంటిసబ్బు రాసుకుని గడ్డం గీసుకున్నాడు. నురుగు రాలేదు. మూడుచోట్ల తెగింది. మీటింగులో తువ్వాలు అడ్డం పెట్టుకుని చివర్న కూచున్నాడు. నా చదువు గురించి అడగాలని వొచ్చినవాడు ఏమీ అడక్కుండానే వెళ్లిపోయాడు. మా వాగు నీళ్లలో అదే సబ్బుకి బాగా నురుగొస్తుంది. మరి ఇక్కడ ఎందుకు రాలేదు?

నీళ్లలో తేడా: నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువుంటే అది కఠినజలం. సబ్బు వాటితో కలిసి తెల్లటి తెట్టు అవుతుంది. మన బకెట్ల అంచున పట్టేది అదే. సబ్బంతా తెట్టుకే పోతే నురుగు ఎక్కణ్ణించి వస్తుంది? మనది కొల్లేటి పల్లం. కొల్లేరు నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోతాయి. ఎండాకాలం ఏరు తగ్గితే పోటుకి సముద్రపు నీళ్లే వెనక్కి ఎక్కుతాయి. ఈ పల్లంలో చాలాచోట్ల బోరింగు నీళ్లు ఉప్పగా ఉంటాయి.

మేము చేసిన ప్రయోగం: ఒకేలాంటి మూడు సీసాలు తీసుకున్నాం. ఒకదాంట్లో బోరింగు నీళ్లు, రెండోదాంట్లో కాచి చల్లార్చి వడగట్టిన బోరింగు నీళ్లు, మూడోదాంట్లో చూరు కింద పట్టిన వాన నీళ్లు పోశాం. మూడింట్లోనూ సమానంగా సబ్బు తురుము వేసి ఇరవైసార్లు ఊపాం. వాన నీళ్లలో నాలుగు వేళ్ల ఎత్తు నురుగొచ్చింది. కాచిన నీళ్లలో రెండు వేళ్లు. బోరింగు నీళ్లలో ఒక వేలు కూడా లేదు. కాచితే బైకార్బొనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం పోతుంది గానీ మిగతాది పోదు.

నురుగు చేసే పద్ధతి:

1. వేడినీళ్లతో గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు తడపాలి. వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడితే సులువుగా తెగుతుంది.

2. బ్రష్షుని వేడినీళ్లలో ముంచి విదిలించాలి. సబ్బుమీద అర నిమిషం గుండ్రంగా తిప్పాలి. గడ్డం సబ్బైతే మంచిది. అందులో స్టియరిక్ ఆమ్లం ఎక్కువ, నురుగు తొందరగా ఆరిపోదు.

3. మొదట పెద్ద బుడగలొస్తాయి. వాటిల్లో ఉండేది గాలే. బ్రష్షు కొసకి రెండు మూడు చుక్కల నీళ్లు తాకిస్తూ గడ్డంమీద తిప్పుతూనే ఉండాలి. పెరుగుమీది మీగడలా చిక్కబడాలి. కారిపోతే నీళ్లెక్కువ, పొడిగా ఉంటే నీళ్లు తక్కువ.

4. వెంట్రుక వాలిన వైపే మెల్లగా గియ్యాలి. నురుగు తడిని పట్టి ఉంచుతుంది, బ్లేడుని జారనిస్తుంది. తర్వాత బ్రష్షు కడిగి ఆరబెట్టాలి.

కుంకుడుకాయ పనికిరాదా అని ఒకమ్మాయి అడిగింది. అందులో సాపోనిన్ ఉంది, ఉప్పునీళ్లలోనూ తెట్టు కట్టదు. కానీ కంట్లో పడితే మంట. దాన్ని తలకే ఉంచుకుందాం.

ముఖ్యమైన మాట ఇంకోటి. మా ఊళ్లో ఒకే బ్లేడుతో నలుగురు గీసుకోవడం నేను చూశాను. గాటు పడితే ఆ రక్తంతో హెపటైటిస్-బి, హెచ్.ఐ.వి. లాంటివి ఒకరినుంచి ఒకరికి రావచ్చు. ఎవరి బ్లేడు వాళ్లకే ఉండాలి.

దసరా సెలవుల్లో వాగు నీళ్లు కాచి మా అయ్యకి నురుగు చేసి చూపించాను. ఆయనకి అక్షరాలు రావు, అందుకని ఈ నాలుగు పనులూ బొమ్మలేసి ఇచ్చాను. గోడకి అంటించుకున్నాడు. ఆరోజు ఒక్క గాటూ పడలేదు.

వార్డెన్ మేడంగారికి మనవి: మీటింగు రోజు పొద్దున మన నాన్నల కోసం వంటగది దగ్గర ఒక బకెట్ వేడినీళ్లు పెట్టించండి. చూరు కింద ఒక డ్రమ్ము పెడితే వాన నీళ్లు మేమే పట్టి మూత వేస్తాం. ఈసారి ముందు బెంచీలో కూచుంటానని మా అయ్య చెప్పాడు.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని